పసుపెక్కిన వరియాకు

మూసీనది కృష్ణలో కలియు వాడపల్లి దామరచర్లకు చేరువనే యున్నది. 1967 ఆగష్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ ప్రాంతమున మెట్టచేలెన్నో వరిమళ్ళైనవి. నీరు చాలిన యేట రెండు పంటలు పండినవి. వానితోపాటు వరికి వచ్చు తెగుళ్ళ చింతయు వచ్చినది.

ఆకు పసుపెక్కగానే రైతు తొలుత నేలను శంకించును. సత్తువ చాలలేదని యూరియా చల్లును. అతనిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. జావాలో మెంటెక్ అను వ్యాధిని 1859 నుండియు ఎరిగియుండియు, పండితులే నూరేండ్లపాటు అది నేలదోషమనియు వేరుపురుగనియు వాదులాడిరి. 1960 దశకమున ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు టుంగ్రో అను వ్యాధిని పచ్చదీపపు పురుగు మొక్కనుండి మొక్కకు చేర్చుచున్నదని నిరూపించిరి. మెంటెక్కును టుంగ్రోయేనని ఆ పిదప తేలినది. 1969లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాలలోను, బీహారులోను అది చేలకు చేలనే పాడుచేసినది.

ఇందు వైరసులు రెండు. కడ్డీవంటిది ఈనెల కణములలో చేరి ఆకును పసుపెక్కించి, మొక్కను గిడసబార్చును. గోళమువంటిది స్వయముగా చేయు హాని స్వల్పమే. కాని అది తోడు లేనిదే మొదటిదానిని పురుగు మోయజాలదు. వింత పొత్తే!

ఆకు పగటివేళ వండిన ఆహారము రాత్రి ఈనెలలోని నాళములగుండా ఇతర భాగములకు తరలిపోవలెను. రోగపుటాకులో అది సరిగా తరలదు. కణములలోనే పిండిగా పేరుకొనును. దీనినుండియే ఒక సులువైన పరీక్ష పుట్టినది. సూర్యోదయమునకు ముందే ఆకుకొనలు కోసి అయోడిను ద్రావణములో ముంచినచో, రోగపుటాకున ముదురు నీలపు చారలు తేలును. రాత్రి పిండి ఖాళీయైన మంచి ఆకున అవి తేలవు. ఎండ ఎక్కిన పిదప కోసిన ఆకు దీనికి పనికిరాదు. ఇతర కారణములచేతను చారలు తేలవచ్చును గావున, ఇదియొక్కటే తుదితీర్పు కాజాలదు.

కణములో చేరిన వైరసును వెడలగొట్టు మందు లేదు. విక్రమార్యవంటి తట్టుకొను వంగడములను వేయుట, పురుగును అదుపుచేయుట మనకున్న దారులు. పురుగైనను వైరసును కొలది దినములే మోయగలదు. పంటకును పంటకును నడుమ దానిని దాచునది, కోసిన మడిలో మరల చిగిర్చిన దుబ్బులు. ఎడమకాలువ క్రింద వానకాలపు పంట కోసినవారు యాసంగి నారు పోయుటకు ముందే ఆ దుబ్బులను దున్నివేయవలెను.