కంఠస్థం నుంచి గ్రంథస్థం: ఖురాన్ తొలి ప్రతుల చరిత్ర

క్రీ.శ. 632లో ముహమ్మదు ప్రవక్త మదీనాలో కన్నుమూసే నాటికి ఖురాన్ అంతా ఒకచోట, ఒకే అట్టల మధ్య లేదు. ఆ మాటకు అర్థమే పఠనం. 610 ప్రాంతంలో మక్కాలో మొదలై సుమారు ఇరవై మూడేళ్లపాటు విడతలు విడతలుగా వెలువడిన వాక్యాలు ముందు విన్నవారి నోట నిలిచాయి. ఖర్జూరపు మట్టల మీద, పలచని తెల్లరాళ్ల మీద, తోలు ముక్కల మీద, పశువుల భుజాస్థుల మీద రాసుకొన్నవీ ఉన్నాయి. అయితే రాత అప్పట్లో జ్ఞాపకానికి ఊతమే తప్ప దానికి బదులు కాదు.

ఈ స్థితి మారడానికి కారణం ఒక యుద్ధం. ప్రవక్త మరణించిన కొద్ది నెలలకే యమామాలో ముసైలిమా పక్షంతో జరిగిన పోరులో ఖురాన్ కంఠస్థం చేసినవారు పలువురు నేలకొరిగారు. ఇలాగే మరికొన్ని యుద్ధాలు జరిగితే గ్రంథంలో కొంత వారితోనే పోతుందని ఉమర్ భయపడి, ఖలీఫా అబూబకర్‌తో మొర పెట్టుకొన్నారు. ప్రవక్త చేయని పని నేనెలా చేసేదని అబూబకర్ మొదట వెనుకాడారట. చివరకు ఆ భారం ప్రవక్తకు లేఖకుడుగా పనిచేసిన జైద్ బిన్ సాబిత్ అనే యువకునిపై పడింది. కొండను కదపమన్నా ఇంత బరువనిపించేది కాదని ఆయన అనుకొన్నట్లు చెబుతారు. మట్టల నుంచి, రాళ్ల నుంచి, మనుషుల గుండెల నుంచి ఆయన ఏరి కూర్చిన పత్రాలు అబూబకర్ తరువాత ఉమర్ వద్దకు, ఆ పైన ఉమర్ కుమార్తె, ప్రవక్త భార్య అయిన హఫ్సా వద్దకు చేరాయి. తొలి సంకలనాన్ని భద్రపరచినది ఒక స్త్రీ అన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపెడతారు. అంత తేలికగా దాటవలసినది కాదు.

రెండవ ఘట్టం మరింత చిక్కైనది. 650 ప్రాంతంలో ఆర్మీనియా, అజర్‌బైజాన్ సరిహద్దుల్లో సిరియా సైనికులూ ఇరాక్ సైనికులూ కలిసి పోరాడుతూ, పఠనంలో ఎవరిది సరైనదని తగవులాడుకొన్నారు. సేనాని హుజైఫా ఆందోళనతో మదీనాకు వచ్చి మూడవ ఖలీఫా ఉస్మాన్‌కు విన్నవించారు. ఉస్మాన్ హఫ్సా వద్ద ఉన్న పత్రాలు తెప్పించి, జైద్‌తోపాటు ముగ్గురు ఖురైషీయులను నియమించి, భేదం వచ్చినచోట ఖురైషుల మాండలికంలో రాయమన్నారు. తయారైన ప్రతులు కూఫా, బస్రా, డమాస్కస్ వంటి పట్టణాలకు వెళ్లాయి. తక్కిన ప్రతులను తగులబెట్టమని ఆజ్ఞ అయింది.

ఇక్కడే వివాదం. కూఫాలో ఉన్న ఇబ్న్ మస్ఊద్ ప్రవక్త నోట స్వయంగా డెబ్బైకి పైగా సూరాలు నేర్చినవారు. జైద్ ఇంకా బాలుడుగా ఉన్నప్పుడే నేను నేర్చాను, నా ప్రతిని ఎందుకివ్వాలి అన్నది ఆయన ప్రశ్న. 656లో ఉస్మాన్‌ను ముట్టడించి చంపినవారి ఆరోపణల్లో ప్రతులు కాల్చాడన్నది కూడా ఒకటని సంప్రదాయ చరిత్రలు చెబుతున్నాయి.

ఈ వృత్తాంతానికి ముఖ్య ఆధారమైన బుఖారీ (మరణం 870) హదీసు సంకలనం సంఘటనలకు రెండు శతాబ్దాల తరువాతిది. అందుచేత ఇరవయ్యవ శతాబ్దపు పరిశోధకులు కొందరు దీన్ని శంకించారు. 1977లో జాన్ వాన్స్‌బ్రో గ్రంథం స్థిరపడటానికే రెండు శతాబ్దాలు పట్టిందని వాదించారు. ఆ వాదం ఇప్పుడు నిలవడం కష్టం. 691-92 నాటి జెరూసలేం శిలాగుమ్మటపు శాసనంలో ఖురాన్ వాక్యాలు కనిపిస్తాయి. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని రెండు పత్రాల తోలు 568-645 మధ్యదని 2015లో కార్బన్ పరీక్ష ఫలితం ప్రకటించారు. ఆ పరీక్ష తేల్చేది తోలు వయసునే కాని సిరా వయసును కాదని మరువరాదు. యెమెన్‌లో సనా పెద్దమసీదు మరమ్మతుల్లో 1972లో బయటపడిన పాత పత్రాల గుట్టలో, ఒక రాతను చెరిపి దానిమీదే మరో రాత రాసిన తోలుప్రతి దొరికింది. పైరాత ఉస్మాన్ పాఠం. అడుగున చెరిగిన రాతలో కొన్ని పదాలు వేరు, సూరాల వరుస వేరు. ఇతర ప్రతులు ఉండేవన్న సంప్రదాయపు మాటకు ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

అయితే ఒకే ప్రతి పంపినంత మాత్రాన ఒకే పఠనం రాలేదు. ఆనాటి అరబ్బీ లిపిలో హ్రస్వ అచ్చులకు గుర్తులు లేవు, చుక్కలు అరుదు. మాట మధ్యలో బ, త, న, య లన్నిటికీ ఒకటే చిన్న పంటి ఆకారం. తమిళనాడులో చదివిన మన విద్యార్థులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. తమిళ లిపిలో తెలుగు రాసుకొంటే గాలికీ కాలికీ రూపమొకటే, మాట తెలిసినవాడే సరిగ్గా పలుకుతాడు. అక్కడా అంతే. ముందే వచ్చినవాడికే ఆ ప్రతి చదవ వచ్చేది. చుక్కలు, స్వరచిహ్నాలు క్రమంగా వచ్చాయి. అబుల్ అస్వద్ పేరు, తరువాత వ్యాకర్త ఖలీల్ పేరు ఈ సందర్భంలో చెబుతారు. ప్రజల మత విశ్వాసం ఒక భాషకు వ్యాకరణాన్ని, లిపి సంస్కరణను తెచ్చిపెట్టిన తీరు భాషాశాస్త్ర విద్యార్థికి ప్రత్యేకంగా ఆసక్తికరం.

పదవ శతాబ్దంలో బాగ్దాద్ పండితుడు ఇబ్న్ ముజాహిద్ (మరణం 936) ఏడు పఠన సంప్రదాయాలను ప్రామాణికాలుగా ఎంచారు. 1924లో కైరోలో అచ్చయిన ప్రతి వాటిలో ఒకటైన ఆసిమ్ పఠనాన్ని, హఫ్స్ చెప్పిన రీతిలో అనుసరించింది. లోకంలో ఎక్కువగా కనిపించేది నేడు అదే. మొదటి సూరాలో తీర్పుదినానికి 'మాలిక్', అంటే యజమాని, అని అది దీర్ఘంతో చదువుతుంది. మొరాకోలో, పశ్చిమాఫ్రికాలో వాడుకలో ఉన్న వర్ష్ పఠనంలో దీర్ఘం లేదు. అక్కడ ఆ మాటకు అర్థం రాజు. ఉస్మాన్ ప్రతిలోని మూడక్షరాలు, మ, ల, క, రెండింటికీ సరిపోతాయి.