కప్పం కట్టని చోట బంగారం



మా హాస్టల్ పిల్ల ఒకతి నన్ను అడిగింది: "మేడం, మేడారంలో అమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తారంట కదా, అంత డబ్బు ఎవరి దగ్గర ఉంటది?" ఆ బంగారం అంటే బెల్లమే అని చెప్తే తరగతి అంతా నవ్వింది. నిజాంసాగర్ నీళ్ల కింద చెరకు చూసిన పిల్లలకు, కామారెడ్డి బెల్లం తిన్న పిల్లలకు ఆ మాట తొందరగానే అర్థమైంది. ఆ బెల్లం వెనుక ఉన్న చరిత్రను మీకూ చెప్పాలనిపించింది.

కాకతీయ ప్రతాపరుద్రుడు 1289 నుంచి 1323 వరకు ఏలాడు. ఆ రోజుల్లో మేడారం అడవుల్లో కరువు వచ్చిందని, తినడానికే గింజలు లేక కోయలు కప్పం కట్టలేకపోయారని పెద్దలు చెప్పుకుంటారు. ఓరుగల్లు సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ పోరులో ఒరిగారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు, అదే నేటి జంపన్న వాగు. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనబడకుండా పోయింది. వెతికినవారికి కుంకుమ భరిణె దొరికింది.

ఆ తల్లీబిడ్డల పేరనే రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి రోజుల్లో, నాలుగు రోజుల జాతర. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. పూజారులు మాత్రం నేటికీ కోయలే. సమ్మక్క గుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి కాల్పులు జరిపి వందనం చేస్తారు. ఒకనాడు రాజ్యం ఆయుధాలతో మీదికి వచ్చింది, ఈనాడు అదే రాజ్యం ఆయుధాలతో స్వాగతం చెబుతోంది.

నేను వెళ్లినప్పుడు గంటల తరబడి క్యూలో నిలబడ్డాను. కాళ్లు లాగాయి. పాసులున్నవాళ్లు పక్క దారిన పోతుంటే కోపం వచ్చింది. నా వెనుక నిలబడ్డ ఒక ముసలవ్వ బెల్లం ముక్క విరిచి చేతిలో పెట్టి, "తిను బిడ్డా, పొద్దున్నుంచి ఏం తిన్నావో ఏమో" అంది. ఆ అవ్వది ఏ ఊరో నేను అడగలేదు, నాది ఏ కులమో ఆమె అడగలేదు. గద్దెల దగ్గర నుంచి తిరిగి వచ్చినవాళ్లు కూడా బంగారాన్ని ఎదురైన వాళ్లందరికీ పంచుతూ పోతున్నారు.

ఆ ముక్క నోట్లో కరుగుతుంటే నాకు ఒకటి తోచింది. తినడానికి గింజలు లేనివాళ్లను కప్పం అడిగిన చోటు అది. ఈనాడు ఎవరూ అడగకుండానే జనం తమ ఎత్తు బెల్లం తూచి తెస్తున్నారు, అమ్మలకు ఇచ్చి, మిగిలింది పంచుకుని తింటున్నారు. బలవంతంగా గుంజుకునేది కప్పం. ఇష్టంగా ఇచ్చి పంచుకునేది బంగారం.

మన తండాల నుంచి వెళ్లే మీరు అక్కడ కోయల ఇంటికి వచ్చిన చుట్టాలు. పాసు కోసం తిరగకండి, సెల్ఫీ కోసం వరుస తప్పకండి. వరుసలోనే నిలబడండి. పక్కవారికి ముక్క పెట్టండి, ఈ కథ చెప్పండి.