కాలేజీ బీరువాలో మా సనదు

మా అబ్బా నాచారం పారిశ్రామికవాడలో ఒక ఇనుప షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. షెడ్డు నుంచి పడమటి దారి పడితే హబ్సిగూడ, ఆ తర్వాత తార్నాక, అది దాటితే ఉస్మానియా. సైకిలు మీద అరగంట కూడా పట్టదు. ఆ దారిలో అబ్బా ఎన్ని వేలసార్లు పోయాడో లెక్కలేదు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు మాత్రం నేను ఎం.ఏ.లో చేరిన రోజునే మొదటిసారి ఎక్కాడు. ఫీజు రసీదు నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఇంతేనా?" అన్నాడు. అంతే. ఒక కార్మికుడి జీతంలో ఇమిడిపోయే ఫీజు అది.

పాతికేళ్లు గడిచాయి. మా ఆపా కూతురు ఉప్పల్ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగు పూర్తి చేసింది. ఉద్యోగం వచ్చింది. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. ప్రభుత్వం నుంచి రీయింబర్స్‌మెంటు రాలేదు, మీరు కట్టి తీసుకుపోండి అన్నారు కాలేజీవాళ్లు. పిల్ల సనదు కాలేజీ బీరువాలో ఉంది, తాళం ఆఫీసువాళ్ల దగ్గర ఉంది, డబ్బు సెక్రటేరియట్‌లో ఉంది. ఉద్యోగం మాత్రం ఎవరికోసమూ ఆగలేదు.

ఈ రెండు రసీదుల మధ్య ఏం జరిగింది? మా అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు మసీదు, భాష, బట్ట గురించి చాలా రాశాం. ఫీజు రసీదు గురించి రాయలేదు. ఇవాళ మా పిల్లలు ఎవరవుతారో తేల్చేది ఆ కాగితమే.

ఉస్మానియా గురించి మా ఇళ్లలో గొప్పగా చెప్పుకుంటాం. 1917లో ఫర్మానా, 1918లో విశ్వవిద్యాలయం. వైద్యం, ఇంజనీరింగు, న్యాయం ఉర్దూలో చెప్పడానికి దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు అనువదించారు. ఒక దేశభాషలో పైచదువు సాధ్యమేనని చూపించారు. నిజమే. కాని ఆ గొప్ప చెప్పేటప్పుడు ఇంకో నిజం దాచకూడదు. రాజ్యంలో ఎక్కువమంది తల్లిభాష తెలుగు, మరాఠీ, కన్నడం. మాకు తెరిచిన తలుపు మా పక్కింటివాడికి సగం మూసే ఉంది. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారు. ఆ దర్వాజా లోపల కూర్చున్నవాళ్లు కూడా ఎక్కువగా జాగీర్దార్ల పిల్లలు, ఉద్యోగస్తుల పిల్లలు. సిద్దీలు, ధోబీలు, కసాబులు, ఫకీర్లు నవాబు రోజుల్లోనూ బయటే ఉన్నారు. హబ్సిగూడ పేరులో హబ్షీలు మిగిలారు, పక్కనున్న యూనివర్సిటీ హాజరుపట్టీలో ఎందరు మిగిలారు?

1948 తర్వాత బోధనభాష ఇంగ్లీషు అయింది. ఉర్దూలో చదివి వచ్చినవాడు ఒక్కసారిగా చదువురానివాడయ్యాడు. మళ్లీ ఉర్దూ పేరుతో ఒక విశ్వవిద్యాలయం రావడానికి 1998 దాకా ఆగాలి. అది కూడా గచ్చిబౌలిలో, నాచారం పిల్లకు ఊరికి ఆ కొసన. ఇది మొదటి తలుపు మూత. దీని గురించి మావాళ్లు చాలా ఏడ్చారు.

రెండో తలుపు మూత భాషతో కాదు, డబ్బుతో. దీనికి ఏడ్చినవాళ్లు తక్కువ, ఎందుకంటే ఇది అన్ని మతాల గరీబులకీ మూసుకుంది. ప్రభుత్వం కొత్త కాలేజీలు కట్టడం తగ్గించి ప్రైవేటువాళ్లకు అనుమతులివ్వడం మొదలుపెట్టింది. సీట్లు అమ్ముతున్నారని గగ్గోలు లేస్తే 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం తెచ్చింది. చట్టం పేరు మంచిదే. దాని కిందే వ్యాపారం పెరిగింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. పద్నాలుగేళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు, ఆ పైన మాత్రం ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి. ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం సీట్లు సర్కారు ఫీజుకు ఇవ్వాలి, మిగతా సగం ఎక్కువ ఫీజుకు. ఉన్నవాడు కట్టేదాంతో లేనివాడు చదవాలన్నమాట. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసు తీర్పుతో ఆ పద్ధతి పోయింది. అప్పటి నుంచి ప్రతి సీటుకూ ధర ఉంది. ఆ ధర ఎవరు కట్టాలన్నదే ప్రశ్న.

2006లో సచార్ కమిటీ మా లెక్క చెప్పింది. 2001 జనాభా లెక్కల్లో దేశం అక్షరాస్యత 65.1 శాతమైతే ముస్లింలది 59.1. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరే ముస్లిం, పీజీలో 50 మందిలో ఒక్కరు. ఇదేం బుజ్జగింపు? బుజ్జగించిన పిల్ల ఇట్లా ఉంటుందా?

మా దగ్గర 2007లో చట్టం వచ్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన 14 ముస్లిం సమూహాలకు బి.సి.-ఇ కింద 4 శాతం వాటా. అంతకు ముందు రెండుసార్లు ఇస్తే హైకోర్టు కొట్టేసింది. దీన్నీ 2010 ఫిబ్రవరిలో కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. హబ్షీలు మొదటిసారి ఒక సర్కారు జాబితాలో చదువుకోవాల్సినవాళ్లుగా కనిపించారు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్దఎత్తున అమలైంది. ఈ రెండూ కలిసి చేసిన పని చిన్నది కాదు. మా మొహల్లాలో పంక్చర్ దుకాణపువాడి కొడుకు, ఆటోవాలా కూతురు బి.టెక్. అన్నారు. వాటా సీటు ఇచ్చింది, రీయింబర్స్‌మెంటు ఆ సీట్లో కూర్చోబెట్టింది. ఒకటి లేకుంటే రెండోది కాగితమే.

అయితే ఆ పథకంలోనే ఒక లోపం ఉంది. ప్రభుత్వం కాలేజీలు కట్టలేదు. పరాయి కాలేజీలకు బిల్లు కడతానని మాటిచ్చింది. 2012లో ఆ మాటకూ హద్దు పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు, పదివేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకు పూర్తి ఫీజు. మిగతావాళ్లకు ఇంజనీరింగులో 35 వేల దాకానే. ట్యూషన్ సెంటర్ల మీద లక్షలు పోసే ఇళ్ల పిల్లలకు ర్యాంకు వస్తుంది. షెడ్డు కార్మికుడి పిల్లకు పదివేల అవతలే వస్తుంది. ఫీజేమో ఏటేటా పెరిగింది. ఆ తేడా మా ఆపా ఎట్లా కట్టింది? చిట్టీ పాడింది, గాజులు కుదువపెట్టింది.

హద్దు లోపలి డబ్బైనా సమయానికి వస్తుందా? బకాయిలు వేల కోట్లకు పేరుకున్నాయి. 2025 నవంబరులో రాష్ట్రంలోని ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసమే తలుపులు మూసి బంద్ చేశాయి. సర్కారుకూ కాలేజీకీ మధ్య అప్పు అది. జామీను మాత్రం మా పిల్లల సర్టిఫికెట్లు.

అప్పు చేసి చదువుకోండి అంటారు. 2001 నుంచి బ్యాంకులకు ఒక నమూనా విద్యారుణ పథకం ఉంది. 4 లక్షల దాకా పూచీ అడగకూడదని అందులో ఉంది. కౌంటరు దగ్గర మాత్రం నాన్న జీతం చీటీ ఏదీ, ఇల్లు సొంతమా అన్న ప్రశ్నలే ముందొస్తాయి. కొన్ని బ్యాంకులు ముస్లిం బస్తీల్ని అప్పివ్వకూడని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకుంటాయని సచార్ కమిటీయే రాసింది. 2024లో వచ్చిన పి.ఎం. విద్యాలక్ష్మిలో జామీను అక్కర్లేదు. కాని అది దేశంలో ఎంపిక చేసిన కొన్ని సంస్థలకే. మా పిల్లలు చేరే కాలేజీలు ఎక్కువగా ఆ జాబితా బయటివే.

ఇక వడ్డీ. మా ఇళ్లలో వడ్డీ హరాం. దీన్ని మౌఢ్యమని నవ్వే సెక్యులర్ మిత్రులకు ఒక మాట. వడ్డీ ఇంటిని ఏం చేస్తుందో 2010లో మైక్రోఫైనాన్స్ గొడవలప్పుడు తెలుగునేల అంతా చూసింది. ఆ ఆడవాళ్లందరూ ముస్లింలు కాదు. ఇరవై రెండేళ్ల పిల్ల ఉద్యోగం లేకుండా నెలనెలా పెరిగే అప్పు మోయకూడదన్నది ఒక మతం మాట మాత్రమే కాదు.

వేరే దారి లేదా? ఆస్ట్రేలియాలో 1989 నుంచి ఒక పద్ధతి ఉంది. చదువు అయ్యాక సంపాదన ఒక మట్టం దాటితేనే పన్నుతోపాటు వసూలు చేస్తారు. సంపాదన లేకుంటే వసూలు లేదు. బ్రిటన్‌లో వడ్డీ వద్దనే ముస్లిం విద్యార్థుల కోసం వేరే పద్ధతికి 2017 చట్టంలో వీలు కల్పించారు. అమలు మాత్రం ఏళ్లు గడిచినా సాగుతూనే వచ్చింది. చట్టం రాయడం వేరు, తలుపు తీయడం వేరు. అది మనకు కొత్త సంగతి కాదు.

ఇక్కడ 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. రెండు వందలకు పైగా ఉన్నాయి. ఆ పిల్లలు ఇంటర్ దాటి బయటికి వస్తున్నారు. పన్నెండో తరగతి దాకా అన్నం పెట్టి చదివించి, ఆ తర్వాత కాలేజీ గేటు ముందు వదిలేస్తే ఎవరిది మోసం?

కాబట్టి అడగాల్సింది దానం కాదు, అప్పూ కాదు. ముందు సర్కారు తన బాకీ తీర్చాలి. చేరిన ఏడాదే ఫీజు కట్టాలి. ఏ బాకీ కిందా ఏ కాలేజీ పిల్లల సనదు పట్టుకోకూడదు, పట్టుకుంటే శిక్ష పడాలి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్‌లాంటి కార్మికవాడల్లో సర్కారు సీట్లు పెరగాలి, పని చేసుకుంటూ చదివేవాళ్లకు సాయంత్రం తరగతులు నడవాలి. అప్పు తప్పదంటే వడ్డీ లేకుండా, జామీను లేకుండా, సంపాదన వచ్చాకే తీర్చేటట్టు ఉండాలి. ఇది ముస్లింల కోసం మాత్రమే అడగడం లేదు. నాచారం షెడ్డులో అబ్బా పక్కన నిలబడి పనిచేసిన మల్లేశం కాకా మనవడి సనదు కూడా అట్లాంటి బీరువాలోనే ఉంది.

అబ్బా ఇప్పుడు లేడు. ఆయన ట్రంకు పెట్టెలో నా ఎం.ఏ. ఫీజు రసీదు దొరికింది, నాలుగు మడతలుగా, రేషన్ కార్డు పక్కన. చదువు ఇంటిదేనని ఆయన దాన్ని దాచుకున్నాడు. ఆపా కూతురికి అట్లా దాచుకోవడానికి మేము ఏం ఇస్తున్నాం?