ఉపకారవేతనం ఎవరి ఆదాయం?

పేట్ బషీరాబాద్‌లో ఉంటూ జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనిచేసే ఒక తండ్రిని ఊహించుకోండి. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆమె బ్యాంకు ఖాతాలో ఉపకారవేతనం జమ అయింది. ఇంట్లో రెండు అనుమానాలు మొదలవుతాయి. ఈ డబ్బుకు పన్ను కట్టాలా? ఇది తండ్రి ఆదాయంలో కలిసి, వచ్చే ఏడాది ఆదాయ ధ్రువపత్రంలో అంకె పెరిగి, ఉపకారవేతనమే ఆగిపోతుందా? మొదటి ప్రశ్న ఆదాయపు పన్ను శాఖది, రెండోది తహశీల్దారు కార్యాలయానిది. రెండుచోట్లా వాడే మాట 'ఆదాయం' ఒకటే, అర్థాలు మాత్రం వేరు. ఆ రెండు అర్థాలకూ వేర్వేరు చరిత్రలున్నాయి.

పాత మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఎస్టేటు. ఇక్కడి రైతు కట్టే శిస్తు దివానీ ఖజానాకు కాక నిజాం సొంత ఖజానాకు చేరేది. బ్రిటిష్ ఇండియాలో 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్నును ప్రవేశపెట్టాడు, 1886 చట్టంతో అది స్థిరపడింది. కోస్తా జిల్లాల తెలుగువారు దాని కిందికి వచ్చారు. ఆ చట్టం హైదరాబాద్ సంస్థానానికి వర్తించలేదు. సంస్థానపు సొంత ఆదాయపు పన్ను చట్టం 1357 ఫసలీ నాటిది, అంటే 1947-48 ప్రాంతానిది. 1895లో పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ (తరవాత సరోజినీ నాయుడు) ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన ఉపకారవేతనంతో ఇంగ్లండు వెళ్లింది. అది పాలకుడి అనుగ్రహం. దరఖాస్తు చేసుకున్న ప్రతి అర్హునికీ దక్కే హక్కు కాదు.

1949లో సర్ఫెఖాస్ దివానీలో విలీనమైంది. 1950 ఏప్రిల్ 1 నుంచి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాద్‌కు వర్తించింది. 1961 చట్టం సెక్షన్ 10(16)లో, చదువు ఖర్చు నిమిత్తం మంజూరైన ఉపకారవేతనాన్ని మొత్తం ఆదాయంలో చేర్చకుండా వదిలేసింది. ఒక్క వాక్యపు నిబంధన. ఎవరు ఇవ్వాలో చెప్పలేదు, ఎంతవరకో చెప్పలేదు. అయితే చేసిన పనికి ప్రతిఫలంగా ఇచ్చే డబ్బుకు ఉపకారవేతనమని పేరు పెట్టినంత మాత్రాన మినహాయింపు రాదు. స్టైపెండు విషయంలో వివాదాలన్నీ ఇక్కడే పుడతాయి. 2025లో కొత్త చట్టం వచ్చినా ఈ మినహాయింపు కొనసాగింది.

మరి తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి మాటేమిటి? మన పన్ను చట్టంలో ప్రతి వ్యక్తీ వేరే లెక్క. పద్దెనిమిదేళ్లు నిండిన విద్యార్థి ఆదాయం మామూలుగా తండ్రి లెక్కలోకి రాదు. మైనరు సంగతి వేరు. 1992 ఫైనాన్స్ చట్టం మైనరు ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలపమంది. సొంత శ్రమతో, నైపుణ్యంతో సంపాదించినది దీనికి మినహాయింపు. మినహాయింపు ఉన్న ఉపకారవేతనాన్ని ఎవరి లెక్కలోనూ కలపనక్కరలేదు. దాన్ని ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఉపకారవేతనం కాదు, మామూలు ఆదాయమే. చాలామంది పొరపాటు పడేది ఈ వడ్డీ దగ్గరే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లెక్క మరోలా ఉంటుంది. అక్కడ 1986 పన్ను సంస్కరణ తరవాత, డిగ్రీ విద్యార్థి ఉపకారవేతనంలో ఫీజుకూ తప్పనిసరి పుస్తకాలకూ పోయే భాగానికే మినహాయింపు. వసతికి, భోజనానికి వాడుకున్న భాగం విద్యార్థి ఆదాయం అవుతుంది. పిల్లలను 'ఆధారితులు'గా చూపే పద్ధతి కూడా అక్కడి చట్టంలో ఉంది. మన 1961 చట్టం ఫీజు, వసతి అని విడదీయలేదు. ఈ విషయంలో మనదే సులువైన చట్టమని నా అభిప్రాయం.

ఇక తహశీల్దారు కార్యాలయం వైపు చూద్దాం. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు 1944లో మొదలయ్యాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. అందులో ఫీజు భాగం కళాశాల ఖాతాకు పోతుంది, నిర్వహణ భత్యం విద్యార్థి ఖాతాకు వస్తుంది. ప్రభుత్వ బకాయిలు పేరుకున్నప్పుడు కళాశాలలు ఫీజు కట్టమని విద్యార్థినే అడుగుతాయి. అప్పుడు తండ్రి వడ్డీకి అప్పు తెస్తాడు. ఆ వడ్డీ ఏ ధ్రువపత్రంలోనూ కనిపించదు.

పోస్ట్ మెట్రిక్ పథకం మార్గదర్శకాలు 'ఆధారపడటం' అంటే ఏమిటో తమ పద్ధతిలో నిర్వచించాయి. తల్లిదండ్రుల్లో ఒకరైనా బతికి ఉన్నంతవరకు, అన్ని మార్గాల నుంచి వారికి వచ్చే ఆదాయమే లెక్క. ఇంట్లో అన్న సంపాదిస్తున్నా దాన్ని చేర్చరు. తండ్రికి వచ్చే ఇంటి అద్దె భత్యం పన్ను నుంచి మినహాయింపు పొందితే, ఇక్కడా దాన్ని వదిలేస్తారు. రెండు 'ఆదాయాలూ' కలుసుకునే చోటు ఇది. కాబట్టి మనం ఊహించుకున్న తండ్రి కుత్బుల్లాపూర్ తహశీల్దారు కార్యాలయంలో చెప్పాల్సింది తనకూ భార్యకూ వచ్చేదే. కూతురి ఖాతాలో జమ అయిన ఉపకారవేతనం ఆయన సంపాదన కాదు. ఆ కూతురికి పెళ్లై, ఉద్యోగం లేకుండా చదువు కొనసాగిస్తే మాత్రం అవే మార్గదర్శకాలు తండ్రి ఆదాయం బదులు భర్త ఆదాయం చూస్తాయి.