శిక్షకు వెరవని గుత్తేదారు

మా తిరుమలగిరి కంటోన్మెంటు ఊరు. 1857 తిరుగుబాటు తరువాత తెల్లదొరల దళాలకోసం కందకం తవ్వి కట్టిన స్థావరం ఇక్కడే ఉండేది. ఊరి చుట్టూ సైన్యం, సైన్యం చుట్టూ గుత్తేదారులు. క్వార్టర్లకు సున్నం వేసేవారు మొదలు రోడ్లు పోసేవారి వరకూ ఎందరికో ఆ టెండర్లే బతుకుతెరువు. 2001 నుండి ఐదేళ్ళపాటు అటువంటి ఒక గుత్తేదారు వద్ద నేను లెక్కలు రాశాను. కఠినశిక్షలు పన్ను ఎగవేతను ఆపగలవా అన్న ప్రశ్న నాకు మొదట ఎదురైనది పుస్తకాలలో కాదు, నా చేతిరాతలోనే.

మార్చి నెల వచ్చిందంటే సబ్‌కాంట్రాక్టర్ల పేరిట బిల్లులు పుట్టేవి. చేయని పనికి ఖర్చు చూపితే లాభం తగ్గుతుంది, లాభం తగ్గితే పన్ను తగ్గుతుంది. ఆ పేర్లలో కొన్ని యజమాని బంధువులవి, కొన్ని ఏమీ తెలియని మేస్త్రీలవి. దొరికితే ఎగవేసిన పన్నుకు మూడింతల వరకూ జరిమానా ఉందని నేను భయపడుతూ చెబితే ఆయన నవ్వేవాడు. "దొరికినప్పటి మాట కదా!" అనేవాడు.

ఆ నవ్వు వెనుక పెద్ద చరిత్రే ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. మన దేశం కఠినశిక్షను ఒకసారి గట్టిగానే పరీక్షించి చూసింది. 1968 ఏప్రిల్ నుండి, ఆదాయం దాచినవారికి కనీస జరిమానాను ఎగవేసిన పన్నుతో కాక, దాచిన ఆదాయంతోనే ముడిపెట్టారు. నూరు రూపాయలు దాస్తే పన్ను గాక మరో నూరు తక్కువ కాకుండా కట్టాలి. అది రెండువందల దాకా పోవచ్చు. 1973-74 నాటికి పన్ను గరిష్ఠ రేటు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం. అంటే పై మెట్టున ఉన్నవాడికి నూటికి మిగిలేది రెండుంబావు రూపాయలు. దాచడానికి ప్రలోభమూ అంతే, పట్టుబడితే నాశనమూ అంతే. అయినా నల్లధనం తరగలేదు. 1971లో నివేదిక ఇచ్చిన వాంఛూ సంఘం ఎగవేతకు కారణాలలో అధిక పన్ను రేట్లనే ముందు చెప్పింది. 1975 సవరణ జరిమానాను మళ్ళీ ఎగవేసిన పన్నుకే ముడిపెట్టింది. శిక్ష మీద నమ్మకం మాత్రం వదులుకోలేదు. జైలుశిక్షల నిబంధనలు ఆ సవరణతోనే గట్టిపడ్డాయి.

ఇక్కడ ఒక భేదం చెప్పుకోవాలి. ఉన్నదాన్ని దాచడం ఎగవేత. ఏదీ దాచకుండా చట్టంలోని అక్షరాన్ని పట్టుకొని దాని ఉద్దేశాన్ని దాటిపోవడం పన్ను తప్పుకోవడం. రెండవవాడు తాను తప్పు చేస్తున్నాననుకోడు కనుక శిక్ష ఎంత పెద్దదైనా అతడికి అది ఎవరికో రాసినదే. దీనికి మన హైదరాబాదు మద్యం వ్యాపారమే సాక్ష్యం. మెక్‌డోవెల్ సంస్థ సరుకు కొనేవారు ఎక్సైజు సుంకాన్ని తామే నేరుగా ప్రభుత్వానికి కట్టేవారు. సంస్థ బిల్లులో ఆ సుంకం ఉండదు, కనుక దానిమీద అమ్మకపు పన్నూ ఉండదు. 1976లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకుంది. 1981లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిస్టిలరీ నిబంధనలు సవరించి సుంకం బాధ్యత తయారీదారుడిదేనని స్పష్టం చేసింది. 1985 ఏప్రిల్ 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సుంకం టర్నోవరులో భాగమేనని తేల్చింది. విడిగా తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి మన తెలుగువారే. దారి మూసినవి నిబంధనా తీర్పూ, జరిమానా కాదు.

మళ్ళీ మా గదికి వస్తాను. గుత్తేదారుకిచ్చే డబ్బులోనే పన్ను మినహాయించే పద్ధతి 1972లోనే వచ్చింది. అయితే మా యజమాని వంటి వ్యక్తులు సబ్‌కాంట్రాక్టరుకు ఇచ్చేటప్పుడు మినహాయించవలసిన పని ఉండేది కాదు. 2002లో ఆడిట్ పరిధిలోకి వచ్చే వ్యక్తులకూ ఆ బాధ్యత పెట్టారు. 2004లో అసలు కీలు బిగించారు: మినహాయించి కట్టకపోతే ఆ ఖర్చు ఖర్చుగా చెల్లదన్నారు. అప్పుడు మా యజమాని నవ్వలేదు. మూడింతల జరిమానా "దొరికినప్పటి మాట". ఇది ప్రతి బిల్లుమీదా, ప్రతి ఏడూ జరిగే మాట. ఆ మార్చిలో దొంగబిల్లులు సగానికి పైగా తగ్గాయి.

పూర్తిగా మాయమయ్యాయని చెప్పను. కొంత మోసం మస్టరు రోల్‌లోకి జరిగి, లేని కూలీలకు వేలిముద్రలు పడ్డాయి. ఒక్క గది అనుభవం దేశానికంతటికీ రుజువూ కాదు. కానీ దూరదేశపు నడక కూడా ఇటే ఉంది. బ్రిటన్‌లో సొంత కంపెనీల ద్వారా ఉద్యోగం చేసే కాంట్రాక్టర్ల కోసం 2000లో ఐఆర్35 నిబంధన తెచ్చారు. అది వర్తిస్తుందో లేదో తేల్చుకొనే పని మొదట ఆ కాంట్రాక్టరుదే. చివరకు 2017లో ప్రభుత్వ సంస్థలలోనూ, 2021లో మధ్యతరహా, పెద్ద ప్రైవేటు సంస్థలలోనూ ఆ నిర్ణయాన్ని పని ఇచ్చేవారి చేతికి మార్చారు.

నాకు మిగిలిపోయినది వేరొకటి. ఒకనాడు మా మేస్త్రీ ఒకడు పన్ను నోటీసు పట్టుకొని వచ్చాడు. "సారూ, ఈ కాయితంల ఏమున్నది? గింత పైస నేనెన్నడు జూసిన?" అన్నాడు. అతడి పేరిట బిల్లు రాసినది నేనే. యజమాని ఎవరితోనో మాట్లాడి ఆ వ్యవహారం సర్దుబాటు చేశాడు. కానీ ఆ నోటీసు చదివి వినిపిస్తున్నప్పుడు నా గొంతు పెగలలేదు.

శిక్ష పెంచమని అడిగేవారితో నాకు పేచీ లేదు. 2016లో చట్టం మార్చి తప్పుడు లెక్కలకు పన్నుమీద 200 శాతం జరిమానా పెట్టారు, ఉండనివ్వండి. అయితే పెద్ద శిక్ష తరచు పెద్దవాడిని దాటి, కాగితం చదవలేనివాడి గుమ్మం ముందు ఆగుతుంది. డబ్బు నడిచే దారిలోనే పన్నును నిలబెట్టడం కఠినంగా కనిపించదు, కానీ దాన్ని చూసి నవ్వగలిగిన గుత్తేదారుని నేనింకా చూడలేదు.