పాఠక సమ్మేళనములు – వాని పుట్టుపూర్వోత్తరములు

గ్రంథమును వ్రాయువాడు ఒక్కడు. దానిని బ్రతికించువారు పాఠకులు. చదివిన దానిని గూర్చి నలుగురితో ముచ్చటించుకొనవలెనను కోరిక చదువరులకు సహజము. ఆ కోరికయే కొన్ని దేశములలో పత్రికలు పెట్టించినది, సంఘములు కట్టించినది, సముద్రములు దాటించి సభలు చేయించినది. ఇరువదవ శతాబ్దమున అమెరికా, ఇంగ్లండు దేశములయందు వైజ్ఞానిక కల్పనా కథల పాఠకులు, సర్కారు సహాయము గాని సంపన్నుల పోషణ గాని లేక, తమ చేతులతో నిర్మించుకొన్న పత్రికల చరిత్రయు, సమ్మేళనముల చరిత్రయు గ్రంథాలయాభిమానులు తెలిసికొనదగినవి.

వైజ్ఞానిక కల్పనా కథలనగా, శాస్త్రజ్ఞానమును ఆధారము చేసికొని రాబోవు కాలమును, అన్యగ్రహములను, ఇంకను కనిపెట్టబడని యంత్రములను ఊహించి వ్రాయు కథలు. ఇంగ్లీషున వీనిని సైన్స్ ఫిక్షన్ అందురు. లక్సెంబర్గు దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన హ్యూగో గెర్న్స్‌బాక్ అనునతడు కేవలము ఇట్టి కథల కొరకే 1926 ఏప్రిలులో 'అమేజింగ్ స్టోరీస్' అను మాసపత్రికను న్యూయార్కు నగరమున ప్రారంభించెను. రంగురంగుల అట్టలతో వచ్చిన ఈ పత్రికను పెద్దలు చౌకబారు సరుకుగా చూచిరి. అయినను దానియందొక మంచి ఆచారము ఉండెను. పాఠకుల లేఖలను ప్రకటించునపుడు, వ్రాసినవారి పేరుతోపాటు చిరునామాను గూడ అచ్చువేయుచుండిరి. ఈ చిన్న ఆచారము పెద్ద కార్యమునకు బీజమైనది. ఏదో యొక ఊరిలో ఒంటరిగా కూర్చుండి చదువుకొను బాలునకు, తనవంటివాడు మరియొకడు మరియొక ఊరిలో కలడని తెలిసినది. ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. ఒకే నగరమున నున్నవారు ఒకరి యింట కలిసికొనసాగిరి.

లేఖలు పెరిగినకొలది, వానిని ఒక్కొక్కరికి వేరువేరుగ వ్రాయుటకంటె అందరికి కలిపి ఒక పత్రికగా పంపుట మేలని తోచినది. 1930 మే నెలలో సైన్స్ కరెస్పాండెన్స్ క్లబ్బు పక్షమున రేమండ్ పామర్ ప్రభృతులు 'ది కామెట్' అను పత్రికను వెలువరించిరి. ఈ రంగమున పాఠకులు స్వయముగా నడపిన మొదటి పత్రికగా దానిని చరిత్రకారులు పేర్కొందురు. ఇట్టి పత్రికలకు 'ఫ్యాన్‌జీన్', అనగా అభిమాన పత్రిక, అను పేరు 1940లో ఏర్పడినది.

ముద్రణాలయమునకు డబ్బిచ్చుకొనలేని విద్యార్థులు వీనిని ఇంటనే తయారుచేసిరి. పళ్లెములో గడ్డకట్టించిన జిలాటిన్‌పై ఊదారంగు సిరాతో వ్రాసిన ప్రతిని అద్ది, ఆ ముద్రనుండి ఒక్కొక్క కాగితమునే ఒత్తి తీయుట ఒక పద్ధతి. కొన్ని పదుల ప్రతులు తీయునప్పటికి అక్షరములు వెలిసిపోవును. మైనపుపూత గల స్టెన్సిల్ కాగితముపై టైపు కొట్టి, సైక్లోస్టైలు యంత్రమున త్రిప్పుట రెండవ పద్ధతి. దానివలన వందలకొలది ప్రతులు వచ్చును. మన పాఠశాలలలో ప్రశ్నపత్రములను సైక్లోస్టైలుపై తీసిన కాలము నెరిగినవారికి, ఆ చేతి మసి క్రొత్త కాదు. పత్రిక వెల కొన్ని సెంట్లు మాత్రమే. తమ పత్రికను బదులుగా పంపినవారికి, చదివి అభిప్రాయము వ్రాసినవారికి అదియును అక్కరలేదు. లాభార్జన అందు ఉద్దేశము కాదు.

ఈ పత్రికలు ఎందరికో అక్షరాభ్యాసపు పలకలైనవి. క్లీవ్‌లాండు నగరమున జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు విద్యార్థులు ఇట్టి పత్రికనే నడపి, 1933 జనవరి సంచికలో 'సూపర్‌మాన్' అను పేరుగల పాత్రతో ఒక కథ ప్రకటించిరి. ఆ కథలోని వాడు దుష్టుడు. అదే పేరును లోకరక్షకుడైన వీరునకు మార్చి, 1938లో బొమ్మల కథగా వారు వెలువరించినది తరువాత జగత్ప్రసిద్ధమైనది.

లేఖలతోను పత్రికలతోను తృప్తి తీరక, ముఖాముఖి కలిసికొనవలెనని వీరు తలచిరి. 1936 అక్టోబరులో న్యూయార్కు అభిమానులు కొందరు ఫిలడెల్ఫియా వెళ్లి అచటివారితో సమావేశమైరి. 1937 జనవరి 3వ తేదీన ఇంగ్లండులోని లీడ్స్ పట్టణమున దివ్యజ్ఞాన సమాజమువారి మందిరములో మరియొక సభ జరిగినది. వచ్చినవారు ఇరువదిమందికి మించరు. వారిలో తరువాత సుప్రసిద్ధ రచయితయైన ఆర్థర్ క్లార్క్ ఒకడు. ఈ రెండింటిలో దేనిని మొదటి సమ్మేళనముగా గణింపవలెనను వాదము నేటికిని కలదు.

1939లో న్యూయార్కున జరిగిన విశ్వప్రదర్శనమును పురస్కరించుకొని, జూలై 2వ తేదీన 'ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సమ్మేళనము' అను ఘనమైన పేరుతో ఆ నగరముననే సభ ఆరంభమైనది. రెండువందల మంది వరకు వచ్చిరి. చిత్రకారుడు ఫ్రాంక్ పాల్ ముఖ్య అతిథి. 18 ఏండ్ల రే బ్రాడ్‌బరీ, మిత్రుడైన ఫారెస్ట్ ఆకర్మన్ వద్ద అప్పుచేసి లాస్ ఏంజిలిస్ నుండి వచ్చెను. మిర్టిల్ డగ్లస్ అను యువతి భవిష్యత్కాలపు దుస్తులు తానే కుట్టి, ఆకర్మన్‌కు తొడిగించి, తానును ధరించి సభకు వచ్చెను. నేటి సమ్మేళనములలోని వేషధారణోత్సవములకు ఇదియే నాంది.

కాని ఆ సభకు ఒక మచ్చ కూడ అంటినది. నగరములో 'ఫ్యూచరియన్లు' అను సంఘమునకును నిర్వాహకులకును చిరకాలముగా పొరపొచ్చెములు ఉండెను. సభను భంగపరతురను అనుమానముతో, నిర్వాహకులు ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వొల్‌హైమ్, సిరిల్ కోర్న్‌బ్లూత్ మొదలగు ఆరుగురిని గుమ్మమునొద్దనే ఆపివేసిరి. నిర్వాహకులను విమర్శించు కరపత్రములు దొరకుట ఇందుకు తోడైనది. వానిని అచ్చువేయించిన డేవిడ్ కైల్ మాత్రము లోపలనే ఉండెను! ప్రపంచ సమ్మేళనమని పేరుపెట్టిన సభకు, అదే నగరపు పాఠకులు అంటరానివారైరి. ఆపినవారును ఆపబడినవారును ఇరువది యేండ్ల ప్రాయమునకు అటునిటుగా ఉన్న యువకులు. అందరును అదే సాహిత్యమునకు ప్రాణమిచ్చువారు. జనులు తామై కట్టుకొన్న సంస్థలకు పైవారివలన కలుగు ఆపదకంటె, తలుపువద్ద నిలుచున్న తమవారివలన కలుగు ఆపద తరచు ఎక్కువ.

కాలము ఈ తగవును వేరు విధముగా తీర్చినది. డేవిడ్ కైల్ 1956లో న్యూయార్కు ప్రపంచ సమ్మేళనమునకు అధ్యక్షుడయ్యెను. పోల్ పేరొందిన రచయితయు సంపాదకుడునై, 1972లో లాస్ ఏంజిలిస్ సమ్మేళనమునకు గౌరవ అతిథిగా ఆహ్వానింపబడెను. గ్రంథప్రకాశకుడైన వొల్‌హైమ్‌కు 1988లో న్యూ ఆర్లియన్స్‌లో ఆ గౌరవము లభించెను. 1939లో మూయబడిన ద్వారము ఆ విధముగా తెరువబడినది. దీనికి దశాబ్దములు పట్టినవి; కోర్న్‌బ్లూత్ 1958లోనే చిన్న వయస్సున మరణించెను.

యుద్ధకారణమున 1942 మొదలు 1945 వరకు సమ్మేళనములు ఆగి, 1946లో తిరిగి ఆరంభమైనవి. 1953లో ఫిలడెల్ఫియాలో, గెర్న్స్‌బాక్ పేరున 'హ్యూగో' బహుమతులు మొదటిసారి ఈయబడినవి. వీనిని నిర్ణయించువారు పండితసంఘమువారు కారు. చందా కట్టిన సభ్యులే ఓటు వేయుదురు. రాబోవు సమ్మేళనము ఏ నగరమున జరుగవలెనో నిశ్చయించువారును వారే. కార్యకర్తలకు జీతములు లేవు. బెల్‌ఫాస్ట్ నగరపు పత్రికాకర్తయగు వాల్ట్ విల్లిస్‌కు దారిఖర్చులు లేకున్నపుడు, మిత్రులు తలాకొంచెము పోగుచేసి 1952లో చికాగో సమ్మేళనమునకు రప్పించిరి. తరువాత ఇట్టి ప్రయాణములకై శాశ్వతనిధి యొకటి ఏర్పడినది.

1966లో టెలివిజనులో 'స్టార్ ట్రెక్' నాటకమాల ఆరంభమైన పిదప ఈ ఉద్యమము క్రొత్త జనులను చేరినది. 1967లో దానిపై 'స్పోకనేలియా' అను అభిమాన పత్రిక వెలువడినది. ఆ నాటకమునకు సంబంధించిన అభిమాన పత్రికలను నడపినవారిలోను, వానికి కథలు వ్రాసినవారిలోను స్త్రీలే అధికము. 1972 జనవరిలో న్యూయార్కున దాని అభిమానులు సభ చేయగా, కొన్నివందలమంది వత్తురనుకొన్న చోట మూడువేలకు పైబడి వచ్చిరి. 1970 ఆగస్టులో సుమారు 300 మందితో శాండియాగోలో జరిగిన బొమ్మల పుస్తకాభిమానుల సభకు నేడు లక్షమందికి పైగా వచ్చుచున్నారు. సినిమా వ్యాపారులకు అది పెద్ద అంగడియైనది. చేతి మసితో పత్రిక తీసినవాని స్థానమున టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు నిలుచుట వృద్ధియా, క్షయమా యని ఆ దేశపు అభిమానులే తర్కించుకొనుచున్నారు.

ఆ పాత పత్రికల గతి యేమైనది? చిత్తుకాగితములుగా నశించినవి కొల్లలు. కాని 2011లో మరణించిన రస్టీ హెవెలిన్ అను అభిమాని జీవితకాలము దాచియుంచిన వేలకొలది ప్రతులు అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరినవి. చౌకబారు సరుకని ఒకనాడు పెద్దలు త్రోసివేసిన కథల అభిమానుల వ్రాతలను నేడు గ్రంథాలయాధికారులు శ్రద్ధతో భద్రపరచుచున్నారు.

మన గ్రామములలోను యువకులు లిఖిత పత్రికలు నడపిన రోజులు కలవు. ఒక్క ప్రతి వ్రాసి గ్రంథాలయపు బల్లపై నుంచిన, ఊరంతయు చదివెడిది. అట్టివి ఏ యింటి అటకపైనైన మిగిలియున్నచో, చెదలు తినకమునుపే వానిని గ్రంథాలయమునకు చేర్చుట సభ్యుల కర్తవ్యము. క్రొత్తగా వ్రాయబూనువారు ఏ వీధివారైనను, ఏ పక్షమువారైనను, వారికి బల్లయొద్ద చోటు చూపుట అంతకంటె ముఖ్యమైన కర్తవ్యము.