తెలంగాణలో పేదరికం కొలత: చరిత్ర

తెలంగాణలో పేదరికాన్ని, అసమానతను, జనం బాగోగులను లెక్కగట్టే పని సుమారు నూరేళ్ల నాటిది. హైదరాబాద్ సంస్థానంలో జరిగిన గ్రామ ఆర్థిక విచారణలతో అది మొదలైంది. తర్వాత ప్రణాళికా సంఘం గీసిన దారిద్ర్య రేఖలు, రాష్ట్ర ప్రభుత్వాల రేషన్ కార్డులు, ఇంటింటి సర్వేలు దాన్ని కొనసాగించాయి. ఢిల్లీ రేఖ చెప్పిన పేదల సంఖ్యకూ, ఊళ్లో కార్డులున్న పేదల సంఖ్యకూ ఎన్నడూ పొంతన కుదరలేదు. ఈ వ్యాసం పూర్వపు నల్లగొండ జిల్లాను, అందులోనూ ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని చిలుకూరు, కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాన్ని ముఖ్యంగా చూస్తుంది. (ఈ చిలుకూరు హైదరాబాద్ దగ్గర బాలాజీ గుడి ఉన్న చిలుకూరు కాదు.)

పూర్వరంగం

కాకతీయుల శాసనాల్లో పన్నుల పేర్లు, దానమిచ్చిన భూముల హద్దులు దొరుకుతాయి గానీ, ఏ ఇంట్లో ఎన్ని గింజలు మిగిలాయో చెప్పే ఆధారం లేదు. కుతుబ్‌షాహీ, మొగలు, తొలి ఆసఫ్‌జాహీ పాలనలదీ ఇదే పరిస్థితి. హైదరాబాద్ సంస్థానంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. తలలను లెక్కపెట్టాయి తప్ప ఆ లెక్కలు తిండిని లెక్కపెట్టలేదు.

బ్రిటిష్ ఇండియాలో దాదాభాయ్ నౌరోజీ 1876 నాటికే మనిషి బతకడానికి ఎంత కావాలన్న లెక్క వేశారు. బతకడానికి చాలినంత తిండి ఖర్చును ఆధారంగా తీసుకుని, ప్రాంతాన్ని బట్టి ఏడాదికి 16 నుంచి 35 రూపాయలు కావాలని తేల్చారు. కోస్తాంధ్రలో ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిపై 1926లో పుస్తకం వెలువరించారు. కోదాడకు తూర్పున సరిహద్దు దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ గనుక అటువైపు ఊళ్ల గురించి అచ్చులో కొంత సమాచారం ఉంది. ఇటువైపు అప్పటికి ఏమీ లేదు.

కేశవ అయ్యంగార్ విచారణలు

ఆ కొరతను తీర్చినవాడు ఎస్. కేశవ అయ్యంగార్. 1929–30లో ఆయన జరిపిన హైదరాబాద్ సంస్థాన ఆర్థిక పరిశోధన అయిదు సంపుటాలుగా వెలువడింది. ఎంచుకున్న ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి కమతం ఎంత, అప్పు ఎంత, రాబడి ఎంత, ఖర్చు ఎంత అని అడిగి రాయించడం ఆయన పద్ధతి. ఇరవై ఏళ్ల తర్వాత, 1949–51లో, సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన కొత్తలో ఆయనే మళ్లీ గ్రామీణ ఆర్థిక విచారణ జరిపారు. ఒకే పరిశోధకుడు ఒకే సంస్థానాన్ని ఇరవై ఏళ్ల ఎడంతో రెండుసార్లు కొలవడం ఆ రోజుల్లో అరుదైన విషయం. ఈ రెండింటి మధ్య భూమి దున్నేవాడి చేతి నుంచి దున్నని వాడి చేతికి, షావుకారు చేతికి పోయిన తీరును తర్వాతి చరిత్రకారులు ఎక్కువగా ఈ సంపుటాల నుంచే తీసుకున్నారు.

ఆ కాలపు పేదరికంలో డబ్బు లెక్కకు అందనిది చాలా ఉంది. వెట్టికి కూలి లేదు, కాబట్టి రాబడి పట్టికలో దానికి చోటు లేదు. నాగుకు తెచ్చిన గింజలను పంట నూర్చాక ఒకటికి ఒకటిన్నరగా కొలిచి ఇవ్వాలి. అప్పు తీరేదాకా దొర ఇంట పనిచేసే భగేలాల ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1930ల్లో నియమాలు తెచ్చినా, ఊళ్లలో అవి పెద్దగా నడవలేదు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దొర భూమి లక్షన్నర ఎకరాలని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంతటి కమతం ఒకవైపు, సెంటు భూమి లేని ఇళ్లు ఇంకొకవైపు ఉన్న చోట సగటు రాబడి అనే మాటకు అర్థం తక్కువ.

ఈ సంగతులను సభల్లో ముందుకు తెచ్చింది ఆంధ్ర మహాసభ. దాని ఎనిమిదవ మహాసభ 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన అప్పటి హుజూర్‌నగర్ తాలూకాలోని చిలుకూరులోనే జరిగింది. అప్పటిదాకా ఎక్కువగా భాష, గ్రంథాలయాలు, బడుల చుట్టూ తిరిగిన మహాసభ రైతు కూలీల సమస్యల వైపు మళ్లడంలో చిలుకూరు సభ ఒక మైలురాయి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం ఆ తర్వాత వరసగా వచ్చాయి. జాగీర్ల రద్దు, భూసంస్కరణల ఫలితాలపై ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఎ.ఎం. ఖుస్రో చేసిన అధ్యయనం 1958లో అచ్చయింది.

కేలరీల రేఖ

1962లో ప్రణాళికా సంఘం నియమించిన కార్యబృందం గ్రామాల్లో మనిషికి నెలకు 20 రూపాయలు కనీసావసరమని నిర్ణయించింది. చదువు, వైద్యం ప్రభుత్వమే చూసుకుంటుందన్న నమ్మకంతో వాటిని లెక్కలోకి తీసుకోలేదు. 1971లో దండేకర్, రథ్ రోజుకు 2,250 కేలరీల తిండి కొనగలగడాన్ని గీటురాయి చేశారు. 1979లో వై.కె. అలఘ్ నేతృత్వంలోని బృందం దాన్ని పల్లెకు 2,400, పట్నానికి 2,100 కేలరీలుగా మార్చింది. 1973–74 ధరల్లో అది దేశం మొత్తానికి పల్లెలో నెలకు 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలు.

ఈ రేఖలు గీస్తున్న కాలంలోనే నల్లగొండ జిల్లాలో రెండు భిన్న పరిస్థితులు కనిపించాయి. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి విస్తరించింది, మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరయింది. జిల్లాలో పడమటి భాగం మర్రిగూడ, మునుగోడు వైపు మాత్రం బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో వంగిన ఎముకలే మిగిలాయి. జిల్లా సగటు ఈ రెంటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. కేలరీల రేఖకైతే తాగే నీళ్ల సంగతే పట్టదు.

ఆంధ్రప్రదేశ్ పల్లెల వింత లెక్క

1993లో లక్డావాలా నిపుణుల బృందం ప్రతి రాష్ట్రానికీ వేర్వేరు రేఖ ఉండాలని చెప్పింది. ఇది సబబైన సూచన. అయితే తెలంగాణ అప్పుడు భాగంగా ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. 1993–94లో రాష్ట్ర గ్రామీణ రేఖ నెలకు 163 రూపాయల 2 పైసలు, పట్టణ రేఖ 278 రూపాయల 14 పైసలు. ఆ ప్రకారం పల్లెల్లో పేదలు 15.92 శాతం, పట్టణాల్లో 38.33 శాతం. హైదరాబాద్ చేరుకున్నవాడి కంటే నల్లగొండ పల్లెలో ఉండిపోయినవాడే మెరుగని ఈ అంకెలు చెప్పాయి. వలస బస్సులు మాత్రం ఎదురు దిశలో నడిచాయి.

అంకెలు ఇలా రావడానికి కారణం పాత ధరల సూచీలు. 1973–74లోనే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ రేఖ 41 రూపాయల 71 పైసలుగా, దేశ సగటు కంటే బాగా తక్కువగా మొదలైంది. ఆ తర్వాత ఏటా దాన్ని వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీతో పెంచుతూ వచ్చారు. పాతకాలపు వాడకాన్ని పట్టుకుని ఉన్న ఆ సూచీలో తిండిగింజల బరువు ఎక్కువ, ఆస్పత్రి, బడి ఖర్చుల బరువు తక్కువ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టాక బియ్యం ఖర్చు తగ్గింది. ఆకలి కొంత తీరిందన్నది నిజం, దాన్ని తక్కువ చేయకూడదు. కానీ గ్రామీణ కుటుంబం మిగతా ఖర్చులను ఈ రేఖ అందుకోలేకపోయింది. 2004–05 నాటికి పల్లెకు 292 రూపాయల 95 పైసలు, పట్నానికి 542 రూపాయల 89 పైసలు అయింది. అంటే పట్నపు రేఖ పల్లె రేఖకు దాదాపు రెండింతలకు చేరువైంది.

2009లో సురేశ్ తెందూల్కర్ బృందం కేలరీల లంగరును వదిలేసింది. చదువు, వైద్యం మీద జనం స్వయంగా పెడుతున్న ఖర్చును లెక్కలోకి తెచ్చింది, ధరలను కుటుంబాల వినియోగ ఖర్చుల సర్వే నుంచే తీసుకుంది. అదే 2004–05 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ రేఖ 433 రూపాయల 43 పైసలకు పెరిగింది. పల్లెల్లో పేదలు 11.2 శాతం నుంచి ఒక్కసారిగా 32.3 శాతమయ్యారు, పట్టణాల్లో 28 శాతం నుంచి 23.4 శాతానికి తగ్గారు. ఊళ్లో ఎవరి కంచంలోనూ మెతుకు తగ్గలేదు, పెరగలేదు. మారింది గీత మాత్రమే. ఈ వ్యాసకర్త దృష్టిలో తెలుగునాట పేదరికం కొలతలో అత్యంత విలువైన సవరణ ఇదే.

తెందూల్కర్ పద్ధతిలో 2011–12 నాటికి ఆంధ్రప్రదేశ్ రేఖ పల్లెకు 860, పట్నానికి 1,009 రూపాయలు, పేదలు 9.2 శాతం. ఈ పద్ధతి రేఖలు మరీ తక్కువని 2011లో దేశమంతా గొడవైంది. సుప్రీంకోర్టుకు ప్రణాళికా సంఘం ఇచ్చిన ప్రమాణపత్రంలో రోజుకు పట్నంలో 32, పల్లెలో 26 రూపాయలు అని ఉండడమే దానికి మూలం. ఆ మీదట మునుపు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా పనిచేసిన సి. రంగరాజన్ నేతృత్వంలో మరో బృందం 2014లో దేశ గ్రామీణ రేఖను 972 రూపాయలకు పెంచింది. ప్రభుత్వం దాన్ని అధికారికంగా స్వీకరించలేదు.

కార్డు, గ్రామసభ

ఢిల్లీ లెక్క ఇలా సాగుతుండగా ఊళ్లో పేదవాడంటే తెల్ల రేషన్ కార్డు ఉన్నవాడే. ఉమ్మడి రాష్ట్రంలో తెల్లకార్డులు కుటుంబాల్లో నూటికి ఎనభై వరకు పోయాయి. అవి అక్రమమన్న విమర్శ తరచూ వినిపించింది. రేఖే అసలు తప్పన్న వాదనకు పత్రికల్లో అంత చోటు దొరకలేదు. 2002లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ భూమి, ఇల్లు, బట్టలు, అప్పు, వలస వంటి 13 అంశాలకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. మొత్తం 52 మార్కులు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి వెలుగు పథకానిది. 2000లో ఆరు జిల్లాల్లో మొదలైన ఈ పథకం రెండో దశలో నల్లగొండకు వచ్చింది. ఊరి జనం నేలమీద ముగ్గుతో ఊరి పటం గీసి, ఒక్కో ఇంటినీ గుర్తించి, కడు పేద, పేద, మధ్యస్థం, ఉన్నవారు వంటి తరగతులుగా విడదీసి గ్రామసభలో ఆమోదం తీసుకునేవారు. పొరుగువారి ముందు అబద్ధం ఆడడం కష్టం గనుక ఈ జాబితా చాలా చోట్ల సర్వే కాగితం కంటే నమ్మదగినదిగా ఉండేది. ఊళ్లో గొంతు లేనివారిని మరచిపోయే ప్రమాదం కూడా అందులోనే ఉంది.

తెలంగాణ ఏర్పడ్డాక ఆహార భద్రత కార్డులకు పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర రూపాయలు, భూమి తరి (నీటి పారుదల ఉన్నది) అయితే 3.5 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 7.5 ఎకరాలు హద్దుగా పెట్టారు. ఎడమ కాలువ కింద తరి పొలమున్న రైతుకు ఈ హద్దు దగ్గర. కాలువ చివరి భూములకు నీళ్లందని ఏడాది కూడా రికార్డులో అది తరిగానే ఉంటుంది. 2025 ఉగాది నాడు రేషన్ దుకాణాల్లో సన్నబియ్యం పంపిణీని హుజూర్‌నగర్‌లో, అదే ఏడాది జులైలో కొత్త రేషన్ కార్డుల పంపిణీని తిరుమలగిరిలో ప్రారంభించారు. రెండూ సూర్యాపేట జిల్లాలోనివే.

ఇటీవలి కొలతలు

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒక్కరోజులో కోటికి పైగా కుటుంబాల వివరాలు సేకరించిన సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. దాని పూర్తి వివరాలు జనానికి అందలేదు. నీతి ఆయోగ్ ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలకు చెందిన 12 సూచికలతో లెక్కించిన బహుముఖ పేదరికం తెలంగాణలో 2015–16లో 13.18 శాతం కాగా, 2019–21లో 5.88 శాతం. 2022–23 వినియోగ సర్వేలో రాష్ట్రంలో మనిషి సగటు నెల ఖర్చు పల్లెలో 4,802, పట్నంలో 8,158 రూపాయలు. ఈ సర్వే ఆధారంగా కొత్త అధికారిక దారిద్ర్య రేఖ రాలేదు.

2024 నవంబరులో ప్రారంభమైన సామాజిక, ఆర్థిక, కుల సర్వే అసమానతను ఇంటి ఖర్చుతో కాక కులంతో కలిపి చూసింది. వెనుకబడిన తరగతులు 56.33 శాతమని అది తేల్చింది. ఆ సమాచారాన్ని పరిశీలించిన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి నేతృత్వంలోని నిపుణుల బృందం 242 కులాలకు వెనుకబాటు సూచీ కట్టి 2025 జులైలో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది.